రిమోట్ ఉద్యోగంతో వెర్మాంట్‌కు: అద్దె ఫ్లాటా, ఊళ్లో పాత ఇల్లా, మట్టిరోడ్డు మీద ఇల్లా?

"వెర్మాంట్ వెళ్తే గవర్నమెంటు పదివేల డాలర్లు ఇస్తుందట కదా అన్నా?" న్యూజెర్సీ నుంచి, టెక్సాస్ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. ముందు ఆ సంగతి తేల్చేస్తాను. 2018లో గవర్నర్ ఫిల్ స్కాట్ సంతకం పెట్టిన చట్టం ఒకటుంది. బయటి రాష్ట్రంలోని కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తూ 2019 జనవరి 1 తర్వాత ఇక్కడికి మారినవాళ్లకు, రెండేళ్లలో కలిపి 10,000 డాలర్ల వరకు ఖర్చులు తిరిగిచ్చారు. ఆ పథకానికి కేటాయించిన డబ్బు ఎప్పుడో అయిపోయింది. తర్వాత వచ్చిన పథకాలూ నిధులున్నంతవరకే నడిచాయి. వాట్సాప్‌లో పాత వార్త మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని లెక్కలో వేసుకుని ఉన్న ఇల్లు ఖాళీ చేయకండి.

ఇక్కడ కరువు ఇళ్లకే. 2020 జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం జనం 6,43,077. అన్నిటికన్నా పెద్ద ఊరు బర్లింగ్‌టన్‌లో 45 వేల లోపు. రాజధాని మాంట్‌పీలియర్‌లో ఎనిమిది వేలు. ఇంత చిన్న రాష్ట్రానికి 2025 నుంచి 2029 లోపు 24,000 నుంచి 36,000 కొత్త ఇళ్లు కావాలని రాష్ట్రం వేయించిన అంచనాయే చెబుతోంది. ఉన్న ఇళ్లలోనూ చాలా వాటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. సెలవు ఇళ్ల వాటాలో మెయిన్ రాష్ట్రం తర్వాతి స్థానం వెర్మాంట్‌దే.

అందువల్ల ఫలానా ఊరు నచ్చింది, అక్కడ ఇల్లు చూసుకుందాం అంటే ఇక్కడ సాగదు. దొరికిన ఇంటిని బట్టే ఊరు కుదురుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చి ఆరేళ్లయింది మాకు. రెండు అద్దె ఇళ్లు మారి, ఆ తర్వాత ఒక చిన్న ఊళ్లో పాత ఇల్లు కొన్నాం. ఆ మూడు ఇళ్లలో తెలుసుకున్నది, మా తర్వాత వచ్చిన తెలుగు కుటుంబాల దగ్గర చూసింది కలిపి రాస్తున్నాను.

## ఇల్లు చూడకముందు తేల్చుకోవాల్సినవి

వీసా, కంపెనీ. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు మొదటి గడప ఇదే. ఇంట్లో కూర్చుని పనిచేసినా ఆ ఇల్లే వర్క్‌సైట్. ఎడిసన్ అడ్రస్‌తో తీసుకున్న ఎల్‌సీఏ (పనిచేసే చోటు, జీతం చూపి కంపెనీ కార్మికశాఖ దగ్గర తీసుకునే కాగితం) మీద వెర్మాంట్‌లో పనిచేయడం కుదరదు. మెట్రో ఏరియా మారితే కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని అమెండ్‌మెంట్ వేయాలి. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పుతో ఇందులో సందేహానికి తావు లేకుండా పోయింది. అమెండ్‌మెంట్ ఫైల్ అయితే చాలు, అప్రూవల్ దాకా ఆగకుండా కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు. ఫైల్ కాకముందే సామాను ట్రక్కు ఎక్కించారంటే స్టేటస్‌కే ఎసరు. పర్మ్ (గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన కార్మికశాఖ అనుమతి) నడుస్తుంటే లాయర్‌ని విడిగా అడగండి, ఎందుకంటే పర్మ్ పని జరిగే చోటుకు ముడిపడి ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లయినా సరే, ఇల్లు మారిన 10 రోజుల్లో అడ్రస్ మార్పు ఫారం ఏఆర్-11 వేయాలి.

కంపెనీ పేరోల్‌కు వెర్మాంట్‌లో రిజిస్ట్రేషన్ ఉందా లేదా కూడా అడగండి. మేనేజర్ నోటిమాటగా "ఎక్కడి నుంచైనా చేసుకో" అన్నంత మాత్రాన హెచ్‌ఆర్ ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడి ఆదాయపు పన్ను 3.35 శాతంతో మొదలై 8.75 దాకా వెళ్తుంది. టెక్సాస్ నుంచి వచ్చేవాళ్లకు ఇది గట్టిగానే తగులుతుంది. కంపెనీ న్యూయార్క్‌దైతే ఇంకో చిక్కు. మీ సౌకర్యం కోసం మీరు బయట కూర్చుని పనిచేస్తున్నారన్న లెక్కలో ఆ రాష్ట్రం మీ జీతం మీద పన్ను అడుగుతుంది. మారకముందే పన్నులు చూసే సీపీఏతో ఒక గంట కూర్చోండి.

ఇంటర్నెట్. ఊరికి ఫైబర్ వచ్చిందా అని అడిగితే లాభం లేదు, ఆ ఇంటి నంబరుకు వచ్చిందా అని అడగాలి. మా రెండో అద్దె ఇంటి ప్రకటనలో హైస్పీడ్ ఇంటర్నెట్ ఉందని రాశారు. చేరాక చూస్తే పాత డీఎస్‌ఎల్, అంటే టెలిఫోన్ తీగ మీద వచ్చే నెమ్మది ఇంటర్నెట్. ఫైబర్ తీగ మా గేటుకు మూడు స్తంభాల అవతల ఆగిపోయింది. ఆ మూడు స్తంభాలు దాటించడానికి కంపెనీ అడిగిన డబ్బు మా నాలుగు నెలల అద్దె కన్నా ఎక్కువ. ఆ చలికాలం సగం రోజులు ఊరి లైబ్రరీ బయట కారులో, ఇంజన్ ఆపకుండా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగులు నడిపాను. ఇప్పుడు పరిస్థితి మెరుగు. 2021 చట్టంతో రాష్ట్రం కమ్యూనిటీ బ్రాడ్‌బ్యాండ్ బోర్డు పెట్టింది. ఊళ్లు కలిసి ఏర్పాటు చేసుకున్న కమ్యూనికేషన్స్ యూనియన్ డిస్ట్రిక్టులు మట్టిరోడ్ల మీదకు కూడా ఫైబర్ లాగుతున్నాయి. మీరు చూసే ఇల్లు ఏ డిస్ట్రిక్టులో ఉందో కనుక్కుని, అడ్రస్ ఇచ్చి నేరుగా వాళ్లనే అడగండి. ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఉంది కదా అంటారు. చుట్టూ పొడుగు చెట్లున్న లోయలో దానికి ఆకాశం కనబడాలి మరి.

వెచ్చదనం. పైపు ద్వారా వచ్చే గ్యాస్ బర్లింగ్‌టన్ చుట్టుపక్కల, రాష్ట్రానికి వాయవ్య మూలన మాత్రమే ఉంది. మిగతా చోట్ల హీటింగ్ ఆయిలో, ప్రొపేనో, కట్టెలో, పెలెట్లో, లేదంటే కరెంటుతో నడిచే హీట్ పంపో. మా మొదటి ఇంటి బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ఆయిల్ ట్యాంకు ఉండేది. దాని నెత్తిన చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఒక ఎర్ర బిళ్ల. ఆయిల్ తగ్గేకొద్దీ ఆ బిళ్ల కిందకు దిగుతుంది. జనవరి రాత్రుల్లో సెల్‌ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగి ఆ బిళ్ల చూసి రావడం మా ఆవిడకు అలవాటైపోయింది. అది అడుగుకు చేరిందంటే ఫర్నేస్ ఆగుతుంది, ఫర్నేస్ ఆగితే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. అద్దెకైనా కొనడానికైనా, గత రెండు చలికాలాల ఇంధనం బిల్లులు చూపించమని అడగండి. చూపించనంటే ఆ ఇల్లు వదిలేయండి.

రోడ్డు. ఈ రాష్ట్రంలో సగానికి పైగా రోడ్లు మట్టిరోడ్లే. ఊరి రోడ్లకు తరగతులున్నాయి. మూడో తరగతి దాకా ఊరే ఏడాది పొడవునా చూసుకుంటుంది. నాలుగో తరగతి రోడ్డు మీద మంచు తీయాల్సిన బాధ్యత ఊరికి లేదు. ఇంటి ధర అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే టౌన్ క్లర్క్ ఆఫీసుకు వెళ్లి ఆ రోడ్డు ఏ తరగతో అడగండి, రెండు నిమిషాల పని. ఇక మార్చి, ఏప్రిల్‌లలో మడ్ సీజన్. పైన మంచు కరుగుతుంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు ఇంకే దారి లేక రోడ్డంతా పిండిలా అయిపోతుంది. ఆ రోజుల్లో చాలా ఊళ్లు మట్టిరోడ్ల మీద బరువు బండ్లను ఆపేస్తాయి. అంటే ఆయిల్ ట్యాంకర్ రాదు, మీ సామాను ట్రక్కూ రాదు.

నీళ్లు, సెప్టిక్. ఊరి నడిబొడ్డు దాటితే ఎవరి బోరు వాళ్లదే, ఎవరి సెప్టిక్ వాళ్లదే. సెప్టిక్ పర్మిట్ బెడ్‌రూముల లెక్కన ఉంటుంది. మూడు బెడ్‌రూములకు పర్మిట్ ఉంటే, అమ్మానాన్నల కోసం నాలుగోది వేద్దామంటే సిస్టమ్ కూడా పెంచాలి. బోరు నీళ్లలో ఆర్సెనిక్, యురేనియం వచ్చే చోట్లున్నాయి. రుచిలో తేడా తెలియదు. రాష్ట్ర ఆరోగ్యశాఖ ల్యాబ్ నుంచి కిట్ తెప్పించుకుని పరీక్ష చేయించాల్సిందే.

వరద. పాత ఊళ్లన్నీ నదుల ఒడ్డునే ఉన్నాయి, ఒకప్పుడు మిల్లులు నీళ్లతోనే నడిచేవి కాబట్టి. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను. 2023 జూలై 10, 11న మాంట్‌పీలియర్, బారీ మునిగాయి. సరిగ్గా ఏడాదికి, 2024లో అవే తేదీల్లో మళ్లీ వరద. ఫెడరల్ విపత్తుల సంస్థ ఫెమా వేసిన మ్యాపు ఒక్కటే చూస్తే చాలదు. అది నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో చెబుతుందే గానీ నది గట్టు కోసుకుపోవడాన్ని చూపదు. దానికి రాష్ట్రం వేసిన రివర్ కారిడార్ మ్యాపులు వేరే ఉన్నాయి, రెండూ చూడండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకు వర్తించదు. ఫెడరల్ వరద పాలసీ విడిగా తీసుకుంటే, లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకునే సందర్భం తప్పిస్తే, అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది.

## ఒక చూపులో

| ఎంపిక | దొరకడం | ఇంటర్నెట్ | చలికాలం ఖర్చు | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|
| బర్లింగ్‌టన్ చుట్టూ అద్దె | పోటీ చాలా ఎక్కువ | బాగుంటుంది | తక్కువ | అద్దె, జూన్ 1 లీజులు |
| చిన్న ఊరి నడిబొడ్డున పాత ఇల్లు | ఓపిక పడితే దొరుకుతుంది | చాలాచోట్ల బాగుంటుంది | ఇల్లు పాతదైతే ఎక్కువ | వరద, సీసం రంగు, పాత వైరింగ్ |
| మట్టిరోడ్డు మీద ఇల్లు | ప్రకటన పడ్డాక రోజుల్లో పోతుంది | అడ్రస్‌ను బట్టి | బాగా ఎక్కువ | రోడ్డు తరగతి, బోరు, సెప్టిక్ |
| సీజనల్ అద్దె | సులువు | అడిగి తీరాలి | ఇంటిని బట్టి | వేసవికి ఖాళీ చేయాలి |
| స్థలం కొని కట్టుకోవడం | స్థలాలున్నాయి, మేస్త్రీలు లేరు | తీగ లాగించుకోవాలి | కొత్త ఇల్లు, తక్కువ | పర్మిట్లు, ఏళ్లు పట్టడం |
| న్యూహాంప్‌షైర్ వైపు | అక్కడా కొరతే | బాగుంటుంది | మధ్యస్థం | ప్రాపర్టీ ట్యాక్స్ |

## బర్లింగ్‌టన్ చుట్టుపక్కల అద్దెకు

చిట్టెండన్ కౌంటీ అంటే బర్లింగ్‌టన్, సౌత్ బర్లింగ్‌టన్, వినూస్కీ, ఎసెక్స్, విల్లిస్టన్. మన ఇమిగ్రేషన్ కేసుల రసీదు నంబర్లు ఈఏసీతో మొదలైతే అవి చేరే వెర్మాంట్ సర్వీస్ సెంటర్ ఉండేదీ ఈ వైపే. తెలుగువాళ్లు కాస్తో కూస్తో కనిపించేది కూడా ఇక్కడే. ఎసెక్స్ జంక్షన్‌లో ఒకప్పటి ఐబీఎం చిప్ ఫ్యాక్టరీని ఇప్పుడు గ్లోబల్‌ఫౌండ్రీస్ నడుపుతోంది. దాని పుణ్యమా అని మనవాళ్ల ఇళ్లు కొన్ని ఉన్నాయి. బర్లింగ్‌టన్, వినూస్కీల్లో స్థిరపడిన భూటానీ నేపాలీ కుటుంబాలు నడిపే కిరాణా కొట్లలో కందిపప్పు, సోనామసూరి, కరివేపాకు దొరుకుతాయి. సంక్రాంతికి అరిసెలు చేద్దామంటే బెల్లం కోసం బోస్టన్ పరుగెత్తనక్కర్లేదు.

విశ్వవిద్యాలయం విద్యార్థుల వల్ల బర్లింగ్‌టన్‌లో చాలా లీజులు జూన్ 1న మొదలై మే 31న ముగుస్తాయి. వాటి కోసం వెతుకులాట ముందు శీతాకాలంలోనే మొదలవుతుంది. ఆగస్టులో వచ్చి వెతికితే మిగిలినవే మిగులుతాయి. చట్టం కిరాయిదారు పక్షాన కొన్ని విషయాల్లో గట్టిగా ఉంది. అద్దె ఇంటికి అప్లికేషన్ ఫీజు తీసుకోకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. అద్దె పెంచాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బర్లింగ్‌టన్‌లో అయితే 90. అక్కడ డిపాజిట్ ఒక నెల అద్దె దాటకూడదు. ఎవరైనా ఆన్‌లైన్‌లో ముందే ఫీజు కట్టమంటే అక్కడే ఆగిపోండి.

ఇక్కడి ఛాంప్లెయిన్ హౌసింగ్ ట్రస్ట్ గురించి చాలామంది అడుగుతారు. 1984లో మొదలైన సంస్థ అది. నేల ట్రస్టు చేతిలోనే ఉంటుంది, ఇల్లు తక్కువ ధరకు వస్తుంది, అమ్మేటప్పుడు పెరిగిన విలువలో నాలుగో వంతు మీది, మిగతాది తర్వాత వచ్చేవాళ్లకు ధర తగ్గించడానికి. ఆదాయ పరిమితులున్నాయి, సాఫ్ట్‌వేర్ జీతాలకు చాలావరకు అర్హత రాదు. రాకపోవడమే న్యాయం అని నా అభిప్రాయం. ఒకరి జీతమే ఉండి, అది చిన్నదైతే మాత్రం సిగ్గుపడకుండా అప్లై చేయండి.

## చిన్న ఊరి నడిబొడ్డున పాత ఇల్లు

నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. రట్‌లాండ్, సెయింట్ జాన్స్‌బరీ, స్ప్రింగ్‌ఫీల్డ్, బెన్నింగ్‌టన్, బారీ లాంటి ఊళ్లు ఒకప్పుడు పాలరాయితోనో, గ్రానైట్‌తోనో, ఫ్యాక్టరీలతోనో వెలిగాయి. పని పోయింది, పెద్ద పెద్ద ఇళ్లు మిగిలాయి. బర్లింగ్‌టన్‌లో చిన్న అపార్ట్‌మెంటు వచ్చే ధరకు ఇక్కడ వరండా ఉన్న రెండంతస్తుల ఇల్లు వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు ధరలు పెరిగినా తేడా ఇంకా ఉంది. ఊరి నీళ్లు, ఊరి డ్రైనేజీ ఉంటాయి కాబట్టి బోరు, సెప్టిక్ బాధ లేదు. ఊరి రోడ్డు మీద మంచు తెల్లారకముందే తీసేస్తారు. లైబ్రరీ, పోస్టాఫీసు, డాక్టరు నడిచిపోయే దూరం.

నెలకోసారి న్యూయార్క్ ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు రట్‌లాండ్ చూడండి, ఈథన్ అలెన్ ఎక్స్‌ప్రెస్ రైలు అక్కడి నుంచి నేరుగా మన్‌హాటన్ పోతుంది. అదే రైలు 2022 జూలై నుంచి బర్లింగ్‌టన్ దాకా వస్తోంది. రాష్ట్రం తూర్పు అంచున బ్రాటిల్‌బరో, వైట్ రివర్ జంక్షన్ మీదుగా వెర్మాంటర్ అనే రైలు వెళ్తుంది. పిల్లలు హైస్కూలుకు వచ్చినవాళ్లు సెయింట్ జాన్స్‌బరీని పట్టించుకోండి. ఆ ఊరికి సొంత పబ్లిక్ హైస్కూలు లేదు. ఊరే ఫీజు కట్టి పిల్లల్ని సెయింట్ జాన్స్‌బరీ అకాడమీకి పంపుతుంది. అయితే 2025లో వచ్చిన యాక్ట్ 73తో స్కూళ్ల నిధులు, జిల్లాల సరిహద్దులు, ఫీజు నిబంధనలు మారుతున్నాయి. స్కూలు కోసమే ఇల్లు కొనేటట్టయితే ఊరి స్కూల్ బోర్డును అడిగి, వాళ్లు రాసిచ్చిన జవాబు చేతిలో పెట్టుకోండి.

ఇక కష్టాలు. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ. పాకే పిల్లలుంటే కిటికీ చట్రాల దగ్గర రాలే పొడి నేరుగా నోట్లోకి వెళ్తుంది. సీసం పరీక్ష లేకుండా సంతకం పెట్టకండి. పాత ఇళ్లలో నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ ఉంటుంది, పింగాణీ బొడిపెల మీదుగా లాగిన తీగలు. దానికి ఇన్సూరెన్స్ దొరకడమే కష్టం. మేం కొన్న ఇంట్లో అటక మీద అవే తీగలు, వాటిపైన వందేళ్ల దుమ్ము. మొత్తం మార్పించాం. అటకలోకి, గోడల్లోకి ఇన్సులేషన్ కొట్టించాం, ఇంధనం ఆదాకు సాయపడే ఎఫిషియెన్సీ వెర్మాంట్ సంస్థ రాయితీతో హీట్ పంపు పెట్టించాం. ఆ తర్వాతి చలికాలం ఆయిల్ వాడకం సగానికి సగం తగ్గింది. ఆ ఖర్చంతా ఇంటి ధరలో కలుపుకుని చూడండి. అప్పటికీ చవకగా కనిపిస్తేనే కొనండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మా మొదటి అద్దె ఇంటికి పోటీ ఉందని తెలిసి నెలకు 200 డాలర్లు ఎక్కువిస్తామన్నాం. ఇల్లు మాకే వచ్చింది. తర్వాత తెలిసింది, అదే ఇల్లు అడిగిన ఇంకొకావిడ మా అమ్మాయి స్కూల్లో మధ్యాహ్నం భోజనం వడ్డించే మనిషి అని. ఆవిడకు ఆ ఊళ్లో ఇల్లు దొరకక, రోజూ యాభై నిమిషాలు కారు నడుపుకుంటూ వచ్చేది. మంచు కురిసిన రోజు కూడా పిల్లలకు వేళకు అన్నం పెట్టేది. మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచేది. బయటి జీతంతో వచ్చే మనం ఇళ్లు తక్కువున్న ఊరికి ఏం చేస్తామో నాకు అప్పుడర్థమైంది. అందుకే కొనేటప్పుడు ఒకరి చేతిలోంచి లాక్కోవాల్సిన పనిలేని ఇల్లు వెతికాం. రెండేళ్లు ఖాళీగా పడి ఉన్న రెండు వాటాల ఇల్లు దొరికింది. ఒక వాటాలో మేం, రెండో వాటా బాగుచేయించి అద్దెకిచ్చాం.

ఈ దారి మీకూ తెరిచే ఉంది. 2023లో వచ్చిన హోమ్ యాక్ట్ ప్రకారం ఒంటి ఇల్లు కట్టగలిగిన చోటల్లా రెండు వాటాల ఇల్లూ కట్టొచ్చు, ఊరి నీళ్లు, డ్రైనేజీ ఉన్న చోట నాలుగు వాటాల దాకా. ఖాళీగా ఉన్న వాటాలను మళ్లీ నివాసానికి తెచ్చే యజమానులకు వెర్మాంట్ హౌసింగ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ గ్రాంటు ఇస్తుంది. బదులుగా కొన్నేళ్లు అద్దెను పరిమితిలో ఉంచాలి. ఆ కాగితాల కోసం తిరిగే ఓపిక మీకుంటే, మీరు వచ్చినందుకు ఆ ఊళ్లో ఒక ఇల్లు పెరుగుతుంది.

## మట్టిరోడ్డు మీద, నాలుగెకరాల మధ్య

అందరూ మనసులో పెట్టుకుని వచ్చే బొమ్మ ఇదే. ఎర్ర కొట్టం, వెనక మేపుల్ చెట్లు, ముందు పచ్చిక. మా రెండో అద్దె ఇల్లు ఇలాంటిదే. అక్టోబరులో ఆ ఆకుల రంగులు చూస్తే మీటింగులు మరిచిపోయేవాణ్ని.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం పాలకని బయల్దేరాను. ఇంటికి అరమైలు దూరంలో ముందు చక్రాలు బండ్లు తవ్విన లోతు గాళ్లలో పడ్డాయి. గ్యాస్ తొక్కేకొద్దీ కారు ఇంకా దిగింది. తలుపు తీస్తే అంచు బురదను గీసుకుంటూ తెరుచుకుంది. పక్క పొలం పెద్దాయన ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "గాళ్లలో నడపకు, గాళ్ల మధ్య గట్టు మీద నడుపు" అన్నాడంతే. బయటివాళ్లను ఇక్కడ కాస్త వెటకారంగా ఫ్లాట్‌ల్యాండర్లు అంటారు. ఆయన ఆ మాట కూడా అనలేదు.

ఇలాంటి ఇంటికి మంచు తీసే మనిషిని అక్టోబరు లోపే మాట్లాడుకోవాలి, స్నో టైర్లు వేయించాలి, కరెంటు పోతే బోరు మోటరు ఆగి నీళ్లు కూడా రావు కాబట్టి జనరేటర్ ఉండాలి. కట్టెలు చలికాలానికి కావాలంటే వసంతంలోనే కొని ఎండబెట్టాలి. కట్టెల కొలత కార్డు, అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు పేర్చిన దొంతర. ఇవన్నీ ఇష్టంగా చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నేనెరగను. పసిపిల్లలున్నవాళ్లు, భార్యాభర్తల్లో ఒకరికి కారు రానివాళ్లు, ఆరునెలలకోసారి అమ్మానాన్నలు వచ్చే ఇళ్లు దీనికి దూరంగా ఉండటం మంచిది. మా అత్తగారు ఆ ఇంట్లో ఫిబ్రవరి నెలంతా కిటికీ దగ్గరే కూర్చున్నారు. పలకరించడానికి నడిచి వెళ్లే దూరంలో మనిషి లేదు.

## మిగతా దారులు

సీజనల్ అద్దె వంతెనలా వాడుకోవడానికి బాగుంటుంది. ఛాంప్లెయిన్ సరస్సు ఒడ్డు ఇళ్లు కొన్ని సెప్టెంబరు నుంచి మే దాకా తక్కువకే ఇస్తారు. వేసవిలో వారాల లెక్కన యాత్రికులకు ఇచ్చుకుంటారు. స్టో, కిల్లింగ్‌టన్, లడ్లో లాంటి స్కీ ఊళ్లలో దీనికి తిరగేసిన లెక్క, చలికాలమే ఖరీదు. బడికెళ్లే పిల్లలుంటే మే నెలలో మళ్లీ ఇల్లు వెతుక్కునే పని పెట్టుకోకండి. సరస్సు ఇల్లు చలికాలానికి పనికొచ్చేలా కట్టిందో కాదో, పైపులు నేలమాళిగలో ఉన్నాయో ఆరుబయట ఉన్నాయో కళ్లతో చూడాలి.

స్థలం కొని కట్టుకోవడం మొదటి రెండేళ్లలో వద్దు. పెద్ద నిర్మాణాలకు పర్మిట్ అడిగే 1970 నాటి యాక్ట్ 250 చట్టం ఒంటి ఇంటికి మామూలుగా అడ్డురాకపోయినా, స్థలాలు విభజించిన పెద్ద లేఅవుట్‌లో ప్లాటు తీసుకుంటే పాత పర్మిట్ షరతులు మీ మెడకు చుట్టుకోవచ్చు. సెప్టిక్‌కు నేల ఒప్పుకుంటుందో లేదో తేలకుండా స్థలానికి డబ్బు కట్టకండి.

న్యూహాంప్‌షైర్ వైపు లెబనాన్, హానోవర్‌లలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ రూపంలో వసూలవుతుంది. అద్దెకుండి పెద్ద జీతం తెచ్చుకునేవాళ్లకు అది లాభమే. డార్ట్‌మత్ పెద్దాసుపత్రి కూడా అక్కడే. బర్లింగ్‌టన్ ఆసుపత్రి తర్వాత ఈ ప్రాంతానికి అంత పెద్దది అదొక్కటే కాబట్టి, గుండెజబ్బో డయాలసిస్సో ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రెండింటిలో ఒకదానికి అరగంట దూరంలోనే ఇల్లు చూడండి.

## ఎవరికి ఏది

హెచ్-1బి మీద, పర్మ్ ఇంకా మొదలుకాకుండా ఉన్నవాళ్లు చిట్టెండన్ కౌంటీలో అద్దెకు దిగండి. రేపు లేఆఫ్ వచ్చి 60 రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే, మట్టిరోడ్డు చివర లోను కట్టుకుంటూ ఇరుక్కోవడం కన్నా లీజు రద్దు చేసుకోవడం తేలిక. తర్వాతెప్పుడో హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి) వచ్చి ఇంట్లో రెండో మనిషి పనిచేయాలనుకున్నా అవకాశాలు అక్కడే.

గ్రీన్‌కార్డు వచ్చి, పిల్లలు ప్రైమరీ స్కూల్లో ఉన్నవాళ్లు ఒక చలికాలం అద్దెకుండి, తర్వాత చిన్న ఊళ్లో ఇల్లు కొనండి. కొన్నాక ఏటా ఏప్రిల్‌లో ఆదాయపు పన్నుతో పాటు హెచ్ఎస్-122 అనే హోమ్‌స్టెడ్ డిక్లరేషన్ (ఇది మేముండే ఇల్లే అని చెప్పే కాగితం) వేయాలి. మొదటి ఏడాది నేను మరిచిపోయాను, జరిమానా కట్టాను. మాంట్రియల్ రెండు గంటల దూరమే, అక్కడ గుడికి, బంధువుల దగ్గరికి వెళ్లొచ్చనుకుంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుతో హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు కావాలి.

ఒంటరిగా ఉన్న కుర్రాళ్లకు, మంచు అంటే భయం లేకపోతే, సీజనల్ అద్దెతో మొదలుపెట్టి ఊళ్లు తిరిగి చూడమంటాను. అద్దె ఇళ్లు ఇక్కడ సగం నోటిమాట మీదే చేతులు మారతాయి. మార్చి మొదటి మంగళవారం చాలా ఊళ్లలో టౌన్ మీటింగ్, అంటే ఊరివాళ్లంతా చేరి ఊరి ఖర్చుల మీద ఓటేసే సభ, ఉంటుంది. ఓటు లేకపోయినా వెళ్లి వెనక కూర్చుని వినండి. భోజనాల దగ్గర ఇల్లు వెతుకుతున్నామని చెప్పండి. మా రెండు వాటాల ఇంటి సంగతి మాకు అక్కడే తెలిసింది.

కొనే ముందు ఇల్లు చూడటానికి ఏప్రిల్ రెండో వారంలో రండి, అక్టోబరులో వద్దు. జీపీఎస్ చూపిన దగ్గరి దారిని కాకుండా స్కూల్ బస్సు తిరిగే దారిలో వెళ్లండి. బేస్‌మెంట్‌లోకి దిగి గోడ అడుగున తడి గీత ఉందేమో చూడండి, ట్యాంకు మీద బిళ్ల ఎక్కడుందో చూడండి, కొళాయి పది నిమిషాలు తిప్పి ఉంచండి. తర్వాత వంటగదిలో కూర్చుని ఆ ఇంటి వైఫై మీదే ఒక గంట వీడియో కాల్ చేసుకోనివ్వమని అడగండి. ఇక్కడివాళ్లు కాదనరు, కాఫీ కూడా ఇస్తారు.